ఎర్ర బల్బు తీసేసిన బండి

నన్ను షెడ్డులో అందరూ స్పార్కు అంటారు, ఒక్కచోట కాలు నిలవదని. వయసు ఇరవై రెండు. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేశాను. బస్టాండు వెనక కార్ల ఎలక్ట్రికల్ షెడ్డులో పని చేస్తాను. ఈ కేసులో ఉన్న టాక్సీ డ్రైవరు మా అన్న. ఎవరి బెదిరింపూ లేకుండా చెబుతున్నాను.

మొన్న సాయంత్రం వానలో, రైలు గేటు మలుపులో అన్న కారు గుద్ది, సైకిల్ మీద వస్తున్న దర్జీ చనిపోయాడు. లైట్లు నీరసపడిపోయాయి, మనిషి కనపడలేదు అని అన్న మొదటి నుంచీ చెబుతున్నాడు. పోలీసు స్టేషన్లో కొత్త బ్యాటరీ వేసి స్విచ్ నొక్కితే లైట్లు బ్రహ్మాండంగా వెలిగాయి. అన్న చెప్పింది అబద్ధమని రాసుకున్నారు.

అందుకే ఈ ఉదయం వచ్చి ఇన్‌స్పెక్టరు గారి కాళ్ళావేళ్ళా పడ్డాను. కొత్త బ్యాటరీ మీద ఏ బండి లైట్లయినా వెలుగుతాయి. నడిచే బండిలో బ్యాటరీని నింపాల్సింది డైనమో. అది నింపకపోతే లైట్లు, వైపర్లు కలిసి ఉన్నదంతా తాగేస్తాయి.

"లైట్లు, వైపర్లు అన్నీ వేసి ఇంజను నెమ్మదిగా నడవనివ్వండి సార్. రేజ్ చెయ్యొద్దు."

"సరేరా సైంటిస్టూ, అదీ చూద్దాం" అన్నారాయన.

కారు స్టేషను వెనక రేకుల షెడ్డులో ఉంది. అన్నను కూడా అక్కడికి తీసుకొచ్చారు. నేను కారు చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. భోజనాల వేళకి గోడ మీద పడే కారు లైట్ల వెలుతురు పసుపుపచ్చబడింది. తర్వాత ఎర్రబడింది.

"చూశారా సార్! మా అన్న అబద్ధమాడలేదు!" అని అరిచాను.

"మరి డైనమో ఎందుకు పని చెయ్యలేదు?" అన్నారాయన.

వెతికాను. బెల్టు కాస్త వదులు, అంతే. వైర్లు బాగున్నాయి. స్టీరింగు ముందున్న స్పీడు మీటరు విప్పితే, తాళం తిప్పగానే వెలిగే ఎర్ర బల్బు లేదు. ఈ పాత మోడల్లో ఆ బల్బు గుండా వెళ్ళే కరెంటుతోనే డైనమో నిద్ర లేస్తుంది. బల్బు తీసేస్తే, బండి నెమ్మదిగా పోయేటప్పుడు లేవదు.

"ఎవరు తీశారు?"

అన్న మీదికి రాకూడదని, నేనే అనబోయాను. అన్న ముందే అన్నాడు:

"వాడికేం తెలీదు సార్. నేనే పీకేశా. ఆగిన చోటల్లా అది మిణుకుమంటుంటే, ఎక్కినోళ్ళు దారిలో ఆగిపోద్దా, ఆగిపోద్దా అని ప్రాణం తీస్తున్నారు. ఊరికే భయపెట్టే బల్బే కదా అనుకున్నా."

బల్బు కార్లోనే, సిగరెట్ బూడిద డబ్బాలో ఉంది. మళ్ళీ బిగించి, పోలీసు జీపు బ్యాటరీ నుంచి వైరు లాగి స్టార్ట్ చేశాను. గోడ తెల్లబడింది. అన్న అటు చూడలేదు.

"అది తీస్తే ఇంత అవుద్దని మా అన్నకి తెలీదు. అది కూడా రాయండి సార్" అన్నాను.

"నువ్వెప్పుడూ చెప్పలేదా?"

ఇంట్లో అన్నం దగ్గర రోజూ బండ్ల గురించే వాగుతాను. "కంచంలో కూడా డైనమోలేనా?" అని వదిన తిడుతుంది. ఈ బల్బు సంగతి చెప్పానో లేదో గుర్తు లేదు. చెప్పి ఉంటే, అన్న తెలిసే తీసినట్టు. అన్న వైపు చూశాను. అన్న నేల చూస్తున్నాడు.

గుర్తు లేదనే రాయమన్నాను.

రాసింది చదివి వినిపించారు. నేను అన్నదే ఉంది, కలిపింది లేదు, తీసింది లేదు. చేతికున్న గ్రీజు కాగితానికి అంటింది, క్షమించాలి. పైన చెప్పినదంతా నిజం. గుర్తు లేదన్నది కూడా నిజమే.

(సంతకం)