తోటలో ప్రపోజల్ ఫొటో

తిరువూరు బస్టాండు పక్కన ఏడుకొండలు టీకొట్టులో ఆ వారమంతా ఒకటే ఫొటో గురించి మాటలు. రెడ్డిగూడెం దగ్గర ఆదిశేషయ్యగారి మామిడితోటలో, హర్షవర్ధన్ అనే కుర్రాడు మోకాలు నేలకానించి ఉంగరం చూపిస్తుంటే, పెద్దాయన మనవరాలు హాసిని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయిన ఫొటో. ఆ పిల్లకి ముందు ఏమీ తెలియదు, అదీ అందులో అందం. చూసినవాళ్ళంతా "అబ్బ, ఎంత బాగా తీశాడు జోజిబాబు!" అనేవాళ్ళు. అలా అన్నప్పుడల్లా ఉమాశంకర్ కి టీ చేదెక్కేది.

చేదెక్కదూ మరి? జోజిబాబు మొన్నమొన్నటిదాకా అతని స్టూడియోలో లైట్లు పట్టుకున్నవాడు. ఇప్పుడు సరిగ్గా ఎదురుగా తన పేరుతో బోర్డు పెట్టాడు. అసూయ అంటే ఉమాశంకర్ ఒప్పుకోడు గానీ, అసూయే. పైగా హాసిని పెళ్ళి ఫొటోల ఆర్డరు ఎవరికిస్తారో ఇంకా తేలలేదు. ఊళ్ళో ఈ ఏడాదికి అదే పెద్ద పెళ్ళి. అది కూడా జోజిబాబుకే పోతే స్టూడియోకి తాళం వేసుకోవడమే.

అందుకే ఆ సాయంత్రం ఆదిశేషయ్యగారు వచ్చి బెంచీమీద కూర్చోగానే ఉమాశంకర్ గొంతు సవరించుకున్నాడు. తోటలో ఆ ముచ్చట జరిగిన రోజు పెద్దాయన విజయవాడలో ఉన్నారని అతనికి తెలుసు.

"ఆ ఫొటో బానే ఉందిలెండి బాబాయిగారూ, కాదనను. కానీ ఎక్కడ నిలబడాలో జోజిగాడికి చెప్పిందెవరనుకున్నారు? నేనే!"

"నువ్వు కూడా వెళ్ళావా?" అన్నాడు ఆటో నడిపే ప్రభుదాసు.

"వెళ్ళడమేంటి, వాడికంటే ముందే బంగినపల్లి చెట్టెక్కి కూర్చున్నా! సర్‌ప్రైజ్ కదా, కింద ఉంటే పిల్ల చూసేస్తుంది. చెట్టునిండా ఎర్రచీమలు, చొక్కాలో, చెవుల్లో, ఇంకా ఎక్కడెక్కడో, పెద్దాయన ముందు చెప్పకూడదు, గోక్కుంటే కొమ్మ ఊగుద్ది, కొమ్మ ఊగితే కాయ రాలుద్ది, కాయ రాలితే పిల్ల పైకి చూస్తుంది. అట్టా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చీమలు కుట్టాయి," అన్నాడు ఏడుకొండలు పాలు తిరగబోస్తూ.

"కుట్టలా! కెమెరా పైకెత్తగానే పొట్టివి ముందూ పొడుగువి వెనకా వరసగా నిలబడ్డాయి. గ్రూపు ఫొటో అనుకున్నాయి పాపం. సరే, వాటికొకటి తీసి పక్కన పెట్టి కిందికి చూద్దును కదా, అబ్బాయి మోకాలు పెట్టబోయే చోట తాచుపాము! అరిస్తే సర్‌ప్రైజ్ పోయె, దూకితే సర్‌ప్రైజ్ పోయె. ఏం చేశాననుకున్నారు? ఫ్లాష్ కొట్టా. పాము పడగ విప్పినది విప్పినట్టే బిగుసుకుపోయింది. పనిలోపని దానికో పాస్‌పోర్టు సైజు తీసి, ఇక పో అన్నా, పోయింది."

"మా హాసిని ఇవేమీ చూడలేదా?" అన్నారు ఆదిశేషయ్యగారు.

"చూడ్డానికి ఆ పిల్ల కళ్ళనిండా నీళ్ళాయె! అదే సమయానికి అబ్బాయి చెయ్యి వణికి ఉంగరం జారింది. నేను కొమ్మకి కాళ్ళు మెలేసి, గబ్బిలంలాగా తలకిందులుగా వేలాడి, లెన్సు గొట్టంలో ఉంగరం పట్టి మళ్ళీ అతని చేతిలో వేశా. అతనికీ తెలియలేదు, పిల్లకీ తెలియలేదు. ఇంతలో పొద్దు గుంకిపోతోంది, వెలుతురు చాలదు. నెమలి ఊరి వేణుగోపాలస్వామికి ఒక్క దండం పెట్టా. అంతే! ఆ ఊరి వైపు నుంచి నెమళ్ళు, ఆకాశం నిండా నెమళ్ళే, వచ్చి తోట చుట్టూ పింఛాలు విప్పి నిలబడ్డాయి. ఎండంతా పింఛాలమీద పడి పిల్ల మొహంమీదికి మళ్ళింది. దిగబోతున్న సూర్యుణ్ణి కాస్త ఉండవయ్యా అని చెయ్యి చూపించా, ఉన్నాడు. ఆ రోజు రెడ్డిగూడెంలో పొద్దు ఆలస్యంగా గుంకింది, కావాలంటే ఎవర్నైనా అడగండి."

"ఆ రోజు నేను రెడ్డిగూడెంలోనే ఉన్నా. మామూలుగానే గుంకింది," అన్నాడు ప్రభుదాసు.

"నువ్వు ఆటోలో ఉన్నావు. టాపు అడ్డం."

"మరి ఆ ఫొటోలేవి?"

"అదేగా నా ఖర్మ! కెమెరాలోంచి కార్డు తీసి జేబులో పెట్టుకోబోతుంటే కోతి లాక్కుని మింగేసింది. అంత గొప్ప ఫొటోలు ఇప్పుడా కోతి కడుపులో ఉన్నాయి. జోజిగాడి ఫొటో ఊరంతా తిరుగుతోంది!"

చెబుతుంటే ఉమాశంకర్ కి నిజంగానే చెట్టుమీద కూర్చున్నట్టూ, జోజిబాబు ఎక్కడో కింద వేలెడంత కనిపిస్తున్నట్టూ ఉంది. చాలా రోజుల తర్వాత అతని ప్రాణం హాయిగా ఉంది.

ఆదిశేషయ్యగారు గ్లాసు కింద పెట్టారు. "అంతా బానే ఉంది గానీ ఉమాశంకరూ, మా హర్ష ముందు ఫోన్ చేసింది నీకేనటగా?"

ఆ ఫోన్ సంగతి ఉమాశంకర్ ఇంట్లో భార్యకి కూడా చెప్పలేదు.

"'అంకుల్, ప్రపోజల్ ఫొటో తీయాలి, తోటలో' అన్నాడట. నువ్వేమన్నావు?"

ఉమాశంకర్ ఖాళీ గ్లాసు ఎత్తి తాగబోయాడు.

"నన్నే చెప్పమంటావా? 'ప్రపోజల్ ఫొటోకి తోటెందుకు నాయనా, స్టూడియోకి రా. కోటుంది, టై నేనే కడతా. వెనక నీలం కర్టెన్ వేసి నిలువు ఫొటో తీస్తే ఆడపెళ్ళివాళ్ళు మారు మాట్లాడరు. నక్షత్రం, గోత్రం చెప్పు, మంచి అమ్మాయి ఉంటే నేనే చూసి పెడతా' అన్నావు. ఆ కుర్రాడు పడీ పడీ నవ్వి జోజిబాబు దగ్గరికెళ్ళాడు."

టీకొట్టు గొల్లుమంది. ప్రభుదాసు అయితే బెంచీ పట్టుకుని మరీ నవ్వాడు. నిజానికి తిరువూరులో ప్రపోజల్ అంటే సంబంధమే. పెళ్ళిళ్ళ బ్యూరోకి పంపే ఫొటోని అందరూ ప్రపోజల్ ఫొటో అనే అంటారు. ఉమాశంకర్ అన్నదాంట్లో అంత తప్పేమీ లేదు. కానీ ఆ మాట అప్పుడు ఎవరికీ గుర్తు రాలేదు.

నవ్వులు తగ్గాక అతను మెల్లగా అడిగాడు. "మరి పెళ్ళి ఫొటోలు, బాబాయిగారూ?"

"పొద్దునే జోజిబాబుకి చెప్పేశాం." పెద్దాయన కండువా దులుపుకుని లేచారు. "నేనొచ్చింది వేరే పనిమీద. మా పెద్ద మనవడు నాగేంద్రకి సంబంధాలు చూస్తున్నాం. ఫొటో తీయమని జోజిబాబునే అడిగితే, 'అట్టాంటివి మా గురువుగారే తీయాలండీ, ఆయన కడితేనే టై నిలబడుద్ది' అన్నాడు. రేపు పంపించనా?"

జోజిగాడు వెక్కిరించాడో మర్యాద చేశాడో ఉమాశంకర్ కి తెలియలేదు. రెంటిలో ఏదైనా మంటే.

"పంపించండి," అన్నాడు. ఆ తర్వాత ఎవరి మొహంలోకీ చూడకుండా, "గడ్డం గీసుకుని రమ్మనండి," అన్నాడు.