అండమాన్ గుట్టకు ఆరో పేరు

ఆదివారం ప్రార్థన అయిపోయినంక శ్రీరాంపూర్ కాలనీ చర్చి జనం సగంమంది సక్కగ ఎదురుంగ ఉన్న నా చాయ్ హోటల్ కాడికే వస్తరు. నా పేరు రాజయ్య. నేను చర్చికి పోను గని, ఆడ ఏం జరిగినా పాస్టరు కంటె ముందు నాకే తెలుస్తది. చాయ్ పోసేటోని ముందట ఎవలూ మాట దాచరు.

ఆ దినం ముచ్చటంతా అండమాన్ యాత్రనే. సండే స్కూల్ టీచరమ్మ మహిమ ఆర్నెల్ల సంది ప్లాన్ గీస్తుంది. మొత్తం అయిదు దినాలు. హైదరాబాద్‌ల ఇమానమెక్కుడు, ఆడ జైలు చూసుడు, సముద్రం చూసుడు, గటెనుక డిగ్లీపూర్ దిక్కు పోయి శాడిల్ పీక్ అనే పెద్ద గుట్ట ఎక్కి దిగుడు. ఆడ మాట్లాడుకున్న బండిల ఆరుగురికే జాగ. అయిదు పేర్లు ఖాయమైనయ్. ఆరో మనిషి భానుప్రసాద్ కాలు బెణికిందని తప్పుకున్నడు. టికెట్లేమో ఆ మధ్యాహ్నమే బుక్ చెయ్యాలె. మహిమ నోట్‌బుక్ తెరిచి నా బెంచీ మీద కూసోని, ఆరో పేరు ఎవలిది రాయాలె అని అందర్నీ అడుగుతుంది.

"బాట తెలిసినోళ్లు ఒకలుంటే మంచిగుండు," అన్నడు కొండల్. బొగ్గుబాయిల కొత్తగ కొలువు దొరికినోడు, అయిదు పేర్లల్ల వానిదొకటి.

గంతే. బెంచీ ఆ కొసకు కూసున్న దేవసహాయం చాయ్ గ్లాసు కింద పెట్టి గొంతు సవరిచ్చుకున్నడు. మహిమకు పెద్దబాపు. ముప్పై నాలుగేండ్లు బాయిల హాలర్ నడిపిండు, అంటే బొగ్గు టబ్బులను తాడుతోని మీదికి గుంజే మిషన్. నిరుడు రిటైరైండు. అప్పటి సంది రోజు నా హోటలే ఆయన డ్యూటీ. పక్కన ఆయన ఇల్లాలు బుచ్చవ్వ, బైబిలు సంచి ఒడిల పెట్టుకొని సప్పుడు చెయ్యక చాయ్ తాగుతుంది.

"బాట నాకెరుక," అన్నడు దేవసహాయం. "జరంత ముచ్చటని ఇన్నేండ్లు ఎవలకు చెప్పలే. నేను గా గుట్టకు పోయొచ్చిన బిడ్డా."

"ఎప్పుడు పెద్దబాపూ? నాకు తెల్వకుంట?"

"రెండువేల తొమ్మిదిల. నువ్వు గప్పుడు హాస్టల్‌ల సదువుకుంటున్నవ్. నాలుగు దినాలు లీవు పెట్టిన, మంచిర్యాలల రైలెక్కిన, మద్రాసుల దిగిన, ఓడెక్కిన, పోయిన, గుట్ట సగందాక ఎక్కిన, కాళ్లు గుంజినయ్, దిగిన, వచ్చిన. అండ్ల పెద్ద చెప్పేదేమున్నది?"

అందరం బుచ్చవ్వ దిక్కు చూసినం. ఆమె గ్లాసు పెదవులకాడి నుంచి తియ్యకనే, "పోయిండు బిడ్డా. దారిల తిననీకి సకినాలు నేనే చేసిచ్చిన," అన్నది.

అందరికంటె ఎక్కువ దేవసహాయమే పరేషానై చూసిండు ఆమెను. గని జల్దిన తేరుకున్నడు. ఇంట్లకెల్లి గసొంటి సాక్ష్యం దొరికినంక ఇగ ఆయన ఆగుతడా.

"నాలుగు దినాలల్ల ఎట్ల కాకా?" అన్నడు కొండల్. "ఓడల పోవుడే మూడు దినాలు. నేను ఫోన్ల చూసిన."

"మందికి పడ్తయ్ రా మూడు దినాలు. నేనెక్కిన ఓడ ముచ్చట ఇను. సముద్రం నడుమల ఇంజన్ బంద్ అయింది. కెప్టెన్ పరేషాన్, ఇంజనీర్లు పరేషాన్, ఆడోళ్లు ఒకటే ఏడుపు. నేను మెల్లగ కిందికి దిగి, ఇంజన్ మీద చెయ్యి పెట్టంగనే తెలిసింది, బెల్టు తెగింది. మా బాయిల రోజు తెగేదే గది. తలకు కట్టిన తువ్వాల ఇప్పిన, సిరిసిల్లల నేసిన తువ్వాల, మెలివెట్టి బెల్టు లెక్క బిగిచ్చిన. ఇగ తిరిగింది సూడు! ఓడ నీళ్లల్ల పోవుడు మర్సిపోయి నీళ్లకు జానెడు మీదికెల్లి పోయింది. మూడు దినాల బాట పన్నెండు గంటలల్ల ఒడిసింది. కెప్టెన్ నా కాళ్ల మీద పడవోతే, ఒద్దు బిడ్డా, మన పని మనం చేస్తం అన్న."

"మరి తువ్వాల?"

"ఇంక ఆ ఓడల్నే తిరుగుతుంది."

మహిమ కలం చెంపకు ఆనిచ్చుకున్నది. "అది సరే పెద్దబాపూ. సగందాకనే ఎక్కినవంటే, మీది సగం బాట నీకెట్ల తెలుస్తది?"

నాకు అర్థమైంది, ఇగ ఆ 'సగం' అన్న మాట గాయబ్ అయితదని. దేవసహాయం కాలు మీద కాలు వేసిండు.

"సగం అన్నది మొదటిసారి ముచ్చట. రెండోసారి పోయినప్పుడు మొత్తం ఎక్కిన. నువ్వేం రాసుకున్నవు బిడ్డా, పొద్దుగాల ఏడింటికి బయలెల్లుడా? కొట్టెయ్. అయిదింటికి. ఎందుకంటె ఎండ గాదు, జలగలు. ఆ అడవిల జలగలు మన చెయ్యంత ఉంటయ్, ఏడింటికి నాస్తాకు లేస్తయ్. నేను పోయిన దినం లేటైంది. ఒక్కటి పట్టుకున్నది, రెండు పట్టుకున్నయ్, లెక్కవెట్టిన, నూట పన్నెండు. గటెనుక ఏమైందో ఎర్కేనా? ముప్పై ఏండ్ల బొగ్గు దుమ్ము నా ఒంట్ల ఉండె గదా. ఒక్క గుటక మింగినయో లేదో, అన్ని దగ్గుకుంట కింద పడ్డయ్. నల్లగ ఉమ్మినయ్. అప్పటి సంది ఆ బాటల జలగలు మనుషుల జోలికొస్తలేవు. పోయినోళ్లంతా నా పేరు చెప్పుకోవాలె."

"ఆడికెల్లి వచ్చినంక నెలదినాలు వట్టి పాలే పోసిన," అన్నది బుచ్చవ్వ. "రక్తం పట్టాలె గదా."

"సూడుండ్రి, ఇంట్ల మనిషి చెప్తుంది!" దేవసహాయం మొకం ఎలిగిపోయింది. "గుట్ట మీదికి పోయిన. పోయి చూస్తె ఏమున్నది? మబ్బు. నా చెయ్యి నాకు కనవడ్తలేదు. టూరిస్టులంతా, ఇంత దూరం వచ్చి ఏం కనవడలేదాయె అని తలకాయలు పట్టుకొని కూసున్నరు. నేనన్న, పక్కకు జరుగుండ్రి. బాయిల పైకప్పు కుంగుతుంటే మనం ఏం చేస్తం కొండల్?"

"దుంగలు నిలవెడ్తం."

"గదే చేసిన. నాలుగు దుంగలు తెచ్చిన..."

"అది ఫారెస్టు కాకా. చెట్టు కొడితె కేసైతది."

"పడిపోయిన చెట్లవి తెచ్చిన రా, నాకు కానూన్ తెల్వదా? మబ్బు నాలుగు మూలలకు నాలుగు దుంగలు నిలవెట్టి, కింద చెక్కలు సందిచ్చి, సుత్తెతోని కొట్టుకుంట లేపిన. గుర్రుమన్నది మబ్బు, గని లేచింది. మనిషి వంగి పోయేంత. జనమంతా తలకాయలు వంచుకొని లోపలికి వచ్చి చూసిన్రు. ఒక దిక్కు బర్మా. ఒక దిక్కు సముద్రం. పడమటి దిక్కు తిరిగి చూస్తె ఎవలు? మా బుచ్చవ్వ! గీడ పెరట్ల మిరపకాయలు ఆరవోస్తుంది."

"అవును, పోసిన. అంతట్ల ఎవలో చూస్తున్నట్టు అనిపిచ్చి కొంగు సదురుకున్న," అన్నది బుచ్చవ్వ.

నేను నవ్వాపుకోలేక చాయ్ సగం గ్లాసులల్ల, సగం బల్ల మీద పోస్తున్న. కొండల్ చేతులు జోడిచ్చిండు.

"ఇగ చాలు కాకా. ఇంతకంటె మీద ఏమున్నది?"

"మూడోసారి ఉన్నది," అన్నడు దేవసహాయం. అనుకొని అన్నట్టు లేదు, నోట్లకెల్లి వచ్చేసింది. వచ్చినంక జర సేపు కండ్లు మూసుకొని కథ దేవులాడుకున్నడు. "మూడోసారి పోయినప్పుడు ఆడి పెద్దమనుషులు నన్ను చుట్టుముట్టిన్రు. దేవసహాయమన్నా, మా దీవి దేశానికి మస్తు దూరమున్నది, జర ఏమన్న చెయ్యరాదా అన్నరు. నేను హాలర్ మనిషిని, గుంజుడు నా పని. బాయిల వాడే ఇనుప తాడు తెప్పిచ్చిన, ఒక కొస గుట్ట నడుముకు చుట్టిన, ఇంకో కొస ఓడకు కట్టిన, మెల్లగ, టబ్బు పట్టాల మీదికెల్లి జారకుంట ఎట్ల గుంజుతమో గట్ల, మద్రాసు దిక్కు నలభై కిలోమీటర్లు గుంజిన. దీవిని! గందుకే ఇప్పుడు ఇమానం రెండున్నర గంటలల్ల పోతుంది. లేకుంటె ఎంత పడ్తుండెనో మీరే ఆలోచించుండ్రి."

"దీవి మీది జనం ఏం అనలేదా?" అని నేనే అడిగిన, నాకే ఆగలే.

"ఏమంటరు? తెల్లారి సూర్యుడు జర లేటుగ వచ్చిండు. గడియారాలు సదురుకున్నరు. గంతే." ఇగ మహిమ దిక్కు తిరిగిండు. నవ్వు బంద్ చేసి మంచిగ అడిగిండు. "గందుకే చెప్తున్న బిడ్డా. బాట తెలిసినోన్ని ఎనుక ఇడిసిపెట్టి పోకుండ్రి. రాయి, ఆరో పేరు దేవసహాయం."

మహిమ నవ్వుకుంట కలం మూత తీసింది. అప్పుడు బుచ్చవ్వ గ్లాసు పక్కన పెట్టింది.

"ఒక్క మాట బిడ్డా. ఆడ బాట చూపెట్టేటోళ్లు ఎవలుండరా?"

"ఉంటరు పెద్దమ్మా. బండి మాట్లాడినోళ్లే గైడును గూడ పంపిస్తరు."

"మరి బాట తెలిసినోళ్లతోని మనకేం పని? చర్చిల అందరం కూసోని తినే ప్రేమవిందుల మనం ఎట్ల చేస్తం? ఒక బంతిల తిని లేచినోన్ని మళ్ల రెండో బంతిల కూసోనిస్తమా? తిననోళ్లను ముందుగాల కూసోవెడ్తం. గీ మనిషి ఒక్కటి గాదు, మూడు బంతులు తిన్నడు. నేను మంచిర్యాల టేషన్ దాటి పోలే. సముద్రం ఏ రంగుంటదో నాకు తెల్వది. ఇంటింటికి పాలు పోసుకుంట రోజు మూడు కోసులు నడుస్త, కాళ్ల ఫికర్ లేదు. రాయి, ఆరో పేరు బుచ్చవ్వ."

పొయ్యి మీద పాలు పొంగుతున్నా నేను కదలలే. దేవసహాయం నోట్‌బుక్‌కు రెండు చేతులు అడ్డం పెట్టిండు.

"ఆగు ఆగు ఆగు! నేను పోలే!"

"ఏం పోలే పెద్దబాపూ?"

"ఏడికీ పోలే! గా దీవికి పోలే, ఓడ చూడలే, జలగ గూడ చూడలే. సముద్రమా? కడెం డ్యాము చూద్దామని బయలెల్లితే బస్సు జన్నారం కాడ ఖరాబైంది, వాపస్ వచ్చిన. గీ శ్రీరాంపూర్‌ల గాదు, గీ జిల్లాల గాదు, మొత్తం తెలంగాణల నాకంటె తక్కువ లోకం చూసినోడు ఉంటె తీస్కరాండ్రి! గుట్ట అంటరా, నేను గడ్డివాము ఎక్కలే. మా ఇంటి మీద నీళ్ల ట్యాంకు కడగనీకి బుచ్చవ్వనే ఎక్కుతది, నేను కింద నిచ్చెన పట్టుకుంట. అది గూడ కండ్లు మూసుకొని పట్టుకుంట!"

"ఇండ్ల ఏది కోత కాకా," అన్నడు కొండల్, "ఇందాకటిదా, ఇప్పటిదా?"

అందరు నవ్విన్రు. దేవసహాయం నవ్వలే. ఆయన గొంతు చిన్నగైంది, నేను ఇన్నేండ్లల్ల ఇనని గొంతు.

"ముప్పై నాలుగేండ్లు రోజు భూమి కిందికే దిగిన బిడ్డా. దిగుడు, మళ్ల నేలకు వచ్చుడు, గంతే. నేల కంటె మీదికి ఒక్కపారి గూడ పోలే. ఒక్క గుట్ట ఎక్కి నిలవడి చుట్టూ చూడాలని మస్తు ఆశున్నది. ఉత్తగ అడిగితె ముసలోడని ఒద్దంటరేమో అని గిదంతా చెప్పిన."

మహిమ చేతిల కలం ఆగిపోయింది. పాపం, ఆమెకు ఎటూ తోచలే. ఇద్దరూ పెద్దోళ్లే, ఇద్దరూ ఆమెను ఎత్తుకొని పెంచినోళ్లే. ఆఖరికి అన్నది, "పెద్దమ్మా, నువ్వు అబద్ధమాడవు. నువ్వే చెప్పు. పెద్దబాపు పోయిండా, పోలేదా? నీ మాట మీద రాస్త."

బుచ్చవ్వ మొగని దిక్కు చూసింది. కోపం లేదు ఆ చూపుల.

"ముప్పై నాలుగేండ్లు నువ్వు దిగినవ్, కాదనను," అన్నది. "బాయిల ఎప్పుడు సైరన్ మోగినా ఉరికొచ్చి గడప కాడ నిలవడ్డది నేను. నాకు లేదా ఆశ?" ఇగ మహిమ దిక్కు తిరిగి, చర్చిల సాక్ష్యం చెప్పేటప్పుడు నిలవడ్డట్టు సక్కగ నిలవడ్డది.

"పోయిండు బిడ్డా. మూడుసార్లు గాదు, నాలుగుసార్లు పోయిండు. సిగ్గుకు తక్కువ చెప్తుండు. నాలుగోసారి గా గుట్ట మీద నిలవడి, 'బుచ్చవ్వా, ఇయ్యాల ఏం కూరనే' అని ఒర్రిండు. నేను పొయ్యి కాడ కూసోని 'తోటకూర' అన్న. 'ఉప్పు జర తక్కువెయ్' అన్నడు. తక్కువేసిన. గది బంగాళాఖాతంల అలలు గూడ ఇన్నయ్, అడుగుండ్రి పోయి."

నా హోటల్ దద్దరిల్లింది. కొండల్ బెంచీ మీదికెల్లి కింద పడ్డడు. దేవసహాయం లేచి చర్చి దిక్కు చెయ్యి చూపెట్టి, "దేవుని గుడి ముందట నిలవడి గంత పచ్చి అబద్ధం ఆడ్తవానే! నోరెట్ల వస్తుందే నీకు!" అని ఒర్రుతుంటే ఆయన మాట ఎవలకూ ఇనవడలే.

మహిమ కండ్లనీళ్లు తుడుసుకుంట రాసింది. ఆరో పేరు బుచ్చవ్వ. వయసు యాభై ఎనిమిది.

జనం మెల్లగ ఇండ్లకు పోయిన్రు. దేవసహాయం గ్లాసు దిక్కు చూసుకుంట కూసున్నడు. బుచ్చవ్వ సంచి సంకకు వేసుకొని ఆయన పక్కకు వచ్చి, నేను గ్లాసులు కడుగుతున్ననని గూడ చూడకుంట, మెల్లగ ఆయన బుజం మీద చెయ్యి వేసింది.

"రంది పడకు. మొత్తం చూసి, వచ్చి నీకు చెప్త. ఆ గుట్ట ఎట్లుంటదో నువ్వు గూడ మొదటిసారి ఇందువు."