కొసరి పోసిన ఆయిలు

ఆదివారం పొద్దున్న. భీమవరం దగ్గరి పల్లెలో దుర్గాప్రసాదరాజుగారి ఇల్లు. పోర్టికోలో తొంభై ఆరు నాటి తెల్లకారు, దాని కింద మెకానిక్ సాల్మన్.

"గట్టిగా మాట్లాడకు సాల్మన్. లోపల మా ఆవిడ ఉంది. చుక్క పడిందా లేదా, అది చెప్పు."

"చుక్కేంటండీ రాజుగారూ! నా చొక్కా చూడండి. చర్చికని వేసుకొచ్చిన తెల్ల చొక్కా!"

"చొక్కా సంగతి కాదయ్యా, టైల్సు మీద పడిందా?"

"చొక్కా మీద పడగా మిగిలినవి టైల్సు మీద పడ్డాయండి."

"మెల్లగా! ఇవాళ మధ్యాహ్నం లోపు ఈ కొత్త టైల్సు మీద ఒక్క చుక్క కనపడినా తాళం చెవి తన చేతిలో పెట్టేస్తానని పందెం కాశాను. పెట్టానా, సాయంత్రానికి పాత ఇనప కొట్లో ఉంటుంది నా కారు."

"కాసేముందు నన్నో మాట అడగాల్సిందండి."

"నువ్వే కదయ్యా అన్నావు! మామూలు ఆయిలు మానేసి సింథటిక్ పోస్తే ఇంజను కుర్రదైపోతుందని!"

"అన్నానండి. ఇంకోటి కూడా అన్నానండి. ముప్పై ఏళ్ళ మడ్డి పేరుకుపోయింది, ఆ మడ్డే సందులు మూసిపెడుతోంది, కొత్తాయిలు దాన్ని కడిగేస్తే ఏ సీలు అరిగిందో బయటపడుద్ది అన్నాను. తమరప్పుడు ఫోన్లో రొయ్యల రేటు మాట్లాడుతున్నారు."

"మరి పొద్దున్న స్టార్టు చేస్తే ఆ పొగేంటి? నీలంగా, మేళం ముందు సాంబ్రాణి వేసినట్టు!"

"ఉండండి, బయటికొచ్చి బానెట్టెత్తి ఆయిలు చూసే పుల్ల లాగుతాను. ఓర్నాయనో!"

"ఏంటి? ఏంటి?"

"పుల్ల మీద రెండు గీతలుంటాయి కదండీ, ఆయిలు ఆ రెంటి మధ్య ఉండాలి. ఇది పై గీత దాటి మెడ దాకా ఎక్కేసింది. బుధవారం నేను పోసింది మూడు లీటర్లు. ఇప్పుడు నాలుగున్నర పైనే ఉంది. కారేమన్నా ఈనిందాండీ?"

"ఏమో మరి."

"రాజుగారూ."

"డబ్బాలో మిగిలిందయ్యా. ఓ అర లీటరు."

"పోసేశారా?"

"పొయ్యనా మరి? అంత గొప్ప ఆయిలు మొదటిసారి మనింటి బండిలోకొచ్చింది. గీత దగ్గర ఆపేస్తే ఏం మర్యాద? అల్లుడు చాలండీ అన్నాడని పూతరేకు వెయ్యడం మానేస్తామా?"

"అల్లుడికి నోరుందండి. ఇంజనుకి లేదనే కదండీ గీత గీశారు!"

"సర్లే. అరతో కలిపి మూడున్నర. మిగతాది నువ్వే తప్పు కొలిచుంటావు."

"నేనా? నేను సరిగ్గా మూడేనండి. మూడు... పైన ఓ గ్లాసుడు."

"చూశావా!"

"గీసి పోస్తే రాజుగారింట్లో పిసినారితనం చేశాడంటారు కదండీ."

"గ్లాసుడు లీటరవుద్దా? ఇంకెవరో పోశారు. అసలీ కారులో ఏదో జరుగుతోంది. నెల్లాళ్ళ నుంచీ చూస్తున్నాను, సీటు ముందుకి జరిగిపోతోంది. ఎక్కితే మోకాళ్ళు స్టీరింగుకి తగులుతున్నాయి."

"గతుకులకి జరుగుద్దండి."

"రోజూనా?"

"మన రోడ్లు తమరికి తెలియనివా."

"నా మొహం చూసి చెప్పు."

"కళ్ళల్లో ఆయిలు పడిందండి, తుడుచుకోనివ్వండి."

"ఏవండీ, కాఫీ. సాల్మన్, నీక్కూడా."

"వచ్చావా వరలక్ష్మీ! ఇటు రాకు, ఇక్కడ జారుద్ది... అంటే, ఏం లేదు, ఊరికే జారుద్ది."

"కాలు తియ్యండి."

"కాలా?"

"ఎడమ కాలు. చెప్పు కింద ఏదో దాచారు."

"అది... కాఫీ చుక్క."

"కాఫీ ఇంకా నా చేతిలోనే ఉంది."

"సరే, పడింది! కానీ ఇది కుట్ర! ఎవరో లీటరు ఆయిలు ఎక్కువ పోశారు!"

"నేనే."

"ఆఁ?"

"షెడ్డులో పాతాయిలు డబ్బా ఉంటే తెచ్చి పోశాను. అంత పొడుగు పుల్లకి అడుగున బెత్తెడే తడి కనపడింది. పస్తున్నట్టుంది పాపం అనిపించింది."

"ఆ పుల్ల ఎక్కడుంటుందో నీకెలా తెలుసు?"

"పనసకాయ కోసి తొనలు తీసేదాన్ని, పుల్ల లాగలేనా?"

"పందెం గెలవడానికి పోశావు!"

"ఒట్టు. కడుపు నిండాలని పోశాను. మీరెందుకు పోశారో నేనూ అందుకే."

"ఒకరికి తెలీకుండా ఒకరం ముగ్గురం కొసరి కొసరి పోశామండి. అరక్క కక్కుతోంది కారు."

"ఇప్పుడేం చెయ్యమంటావు సాల్మన్?"

"ఓ బేసినిప్పించండి. ఎక్కువైంది దింపేస్తాను... ఆఁ, ఇలా తొయ్యండి, కారుతోంది, కారుతోంది... ఆయ్, అయిపోయిందండి. పై గీతకొచ్చేసింది. కారే సీలు రేపు మారుస్తాను. ఈ చుక్కలకి బండి ఆగదండి."

"తాళం ఇలా ఇవ్వండి."

"వరలక్ష్మీ, ఒక్కసారి ఆలోచించు. కావాలంటే ఈ టైల్సు పీకించేస్తాను. మట్టినేల హాయి!"

"మాట మాటే."

"ముప్పై ఏళ్ళు మనల్ని మోసిన బండి. ఇనప కొట్టుకి మాత్రం వెయ్యకు."

"ఇవ్వండి."

"ఇదిగో. నేను కళ్ళు మూసుకుంటాను, తీసేసుకో... గేటు దగ్గర హారనేంటి? కొట్టువాళ్ళు అప్పుడే వచ్చేశారా?"

"మా ఆవిడండి, కృపారాణి. తను డ్రైవింగు నేర్పే స్కూలుకి ఇవాళ సెలవు కదండీ, నన్ను చర్చికి తీసుకెళ్ళడానికొచ్చింది. నేనొస్తానండి! అమ్మగారూ, మా ఆవిడ చెప్పమంది: మలుపు దగ్గర మెల్లగా అంట."

"ఏ మలుపు? ఏం మెల్లగా? ఏమంటున్నాడు వాడు?"

"కళ్ళు తెరవండి. పెనుగొండ వెళ్ళి అమ్మవారికి దణ్ణం పెట్టుకొద్దాం, పదండి."

"దీంట్లోనా? ఆఖరిసారన్నమాట. సరే, ఉండు, ముందీ సీటు వెనక్కి జరపనీ."

"జరపకండి. నెల్లాళ్ళ నుంచీ నా కాళ్ళకి సరిపెట్టుకుంటున్నాను. మీరు అటు పక్కనెక్కండి."