అంబారీకి రెండో బిగింపు

ఊరికి పడమర దివాణం వారి పాత ఏనుగుశాల ఉంది కదా, దాని వెనక చింతచెట్టు వైపు మీలో ఎవరూ పోరు. పోకూడదని అందరికీ తెలుసు, ఎందుకో మాత్రం ఒక్కడూ చెప్పలేడు. ఇలా దగ్గరికి జరగండి, చెప్తాను.

ఏనుగు మీద దొరలు కూర్చునే అంబారీ కట్టడమంటే మంచానికి నులక బిగించినట్టు కాదర్రా. మోకు లాగేటప్పుడు ఏనుగు ఊపిరి బిగబట్టి పొట్ట ఉబ్బిస్తుంది. పదడుగులు నడిపిస్తే గాలి వదిలేస్తుంది, మోకు వదులవుతుంది, అప్పుడు రెండోసారి బిగించాలి. మన పెద్దదొర కూతురి పెళ్లినాడు ఎదురుకోలుకి ఆలస్యమవుతోందని ఆ రెండో బిగింపు వద్దన్నాడు. మావటి కాళ్లావేళ్లా పడ్డా వినలేదు. ఇంకేముంది, సరిగ్గా ఆ చింత దగ్గరే అంబారీ పక్కకి ఒరిగి, దొర తలకిందులుగా పడి ప్రాణం వదిలాడు. నింద మావటి మీద పడింది, ఆ దిగులుతోనే అతనూ పోయాడు. అంబారీని అక్కడే వదిలేశారు, అశుభమని ఎవరు ముట్టుకుంటారు? దొర మాత్రం చచ్చినా దిగలేదు. చెట్టు కింద కూర్చున్నవాళ్ల వీపే ఏనుగనుకుని ఎక్కేసేవాడు.

అలాగే, కావడి దించి అక్కడ ఒక్క క్షణం కూర్చున్న పాపానికి మన ఊరి కూలివాడు సూరప్పడి నడుం వంగిపోయింది. రోజుకింత కిందకి వంగుతోంది, నుదురు నేలకి తాకితే మనిషి దక్కడని చెప్పేసి భూతవైద్యుడు వేపమండలు సర్దుకున్నాడు. సూరప్పడి పెళ్లాం నూకాలు ఆ మావటి కూతురే. ఏడవలేదు, మొక్కుకోలేదు. నాన్న నేర్పిన పని చేతుల్లో ఉండగా ఇంకొకరి కాళ్లు పట్టుకోవడమేంటి అనుకుంది. రెండు రోజులు కూర్చుని కొబ్బరిపీచుతో కొత్త మోకు పేనింది, మూడోనాడు మొగుణ్ణి నడిపించుకుని మిట్టమధ్యాహ్నం చింత కిందకి పోయింది. భయం లేకనా? ఉంది, అయినా ఆగలేదట.

నడుమెత్తున అడ్డంగా పాకిన లావుపాటి కొమ్మ ఒకటుంటే, అంబారీలో మిగిలిన చట్రాన్ని దాని మీదకి ఎత్తి, మోకు చుట్టి, గట్టిగా ముడేసింది. వేసి, దొరా, వీడు కావడి మోసేవాడు, నీ హోదాకి తగడు, నీ ఏనుగు ఇదిగో అని పిలిచింది. సూరప్పడి వీపు మీంచి బరువు కదిలింది, అక్కడ అంబారీ కిర్రుమంది. ఆపైన దొర గొంతు వినబడింది, రెండో బిగింపు అయిందా అని. ఒకసారి చచ్చాక బుద్ధొచ్చింది మరి.

"ఏనుగుని పదడుగులు నడవనీ దొరా, అప్పుడు బిగిస్తాను. అందాకా దిగకు," అంది నూకాలు.

సూరప్పడు నిటారుగా లేచి నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చింది నూకాలు, మొగుడి వీపు తడుముకుంటూ ఇంటిదాకా ఏడుస్తూనే వచ్చింది.

చెట్టెక్కడ నడుస్తుంది? దొర ఇంకా అక్కడే ఉన్నాడు, బుద్ధిగా కూర్చుని. మీరు అటు పోకండి. పోతే గీతే, పదడుగులయ్యాయా అని కొమ్మ మీంచి ఎవరైనా అడిగితే, మొహమాటానికి పోయి అయ్యాయనకండి.