సోదా లేని సాయంత్రం

జైలు నుంచి విడుదలైనవాళ్లకు పని ఇచ్చే వడ్రంగి షెడ్డు అది. మొదటిరోజు పని ముగియగానే కొత్తవాడు ఉలి, సుత్తి, రంపం బల్లమీద వరసగా పేర్చి, రెండు చేతులూ బారజాపి నిలబడ్డాడు.

“ఏంటయ్యా, దిష్టిబొమ్మలా ఆ నిలబడ్డం?” అన్నాడు మేస్త్రీ.

“సోదా చెయ్యరా మేస్త్రీ? లోపలైతే పనిముట్లు లెక్కచూసి, ఒళ్లంతా తడిమాకే వదిలేవారు.”

“ఇక్కడంత తీరిక ఎవడికుంది? చేతులు దించు. ఆ ఉలి ఇంటికి పట్టుకుపో.”

“ఇంటికా! ఉలితో గుమ్మంలో కనిపిస్తే మా అక్క హడలిపోతుంది.”

“అక్క కుర్చీ ఊగుతోందని భోజనాల దగ్గర నువ్వే అన్నావుగా? బాగుచేసి కూర్చోబెట్టు. ఆ భయం అదే పోతుంది.”

కొత్తవాడు ఉలిని గుడ్డలో చుట్టాడు. బయల్దేరబోయి ఆగాడు.

“ఇంత నమ్మేస్తున్నారు. రేపు నేను రాకపోతే?”

“నేను విడుదలై వచ్చిన తొలిరోజు, ఇదే ఉలి చేత్తో పట్టుకుని ఇదే మాట అడిగాను.”

కొత్తవాడు అతని మొహంలోకి చూశాడు. “మీరా! పాత మేస్త్రీ ఏమన్నారు?”

“‘రాకపోతే సరే, ఆలస్యంగా వస్తే మాత్రం ఊరుకోను’ అన్నాడు. పదకొండేళ్లయింది. ఒక్కరోజూ తిట్టించుకోలేదు.”