ఇద్రిస్ కారు

అది కాదు వదినా, పైన టాప్ వేసెయ్యమంటే ఎలా? తెరిచి నడపడానికే కదా ఈ కారు. చలేస్తే నా కోటు కప్పుకో. కొండ ఎక్కినంతసేపూ చిన్నపిల్లలా నవ్వావు, గాలికి జుట్టంతా రేగిపోయినా పట్టించుకోలేదు. ఈ మలుపు దగ్గర ఆపేసరికి మొహం అలా అయిపోయింది.

అవును, ఆ మలుపే. కావాలనే ఆపాను.

టిక్కు టిక్కుమంటోంది, విన్నావా? ఏం లేదులే, ఇంజను చల్లారుతోంది. షెడ్డులో ఆ చప్పుడు వింటూ కూర్చుంటే అన్నయ్య పక్కన నించున్నట్టే ఉండేది. "ఏరా గెథిన్, అంతా అయిందా?" అని ఒక్కోసారి మాట కూడా వినిపించేది. వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు. చూడలేకపోయేవాణ్ణి.

అన్నయ్య పోయి యాభై రెండేళ్లు. నాన్న తుక్కైపోయిన ఈ కారుని గొర్రెల కొట్టంలో గోనెలు కప్పి దాచాడు, పోయేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. ఊరేమంది? ఇద్రిస్ తాగి, జోరుగా తోలి, ఇక్కడే లోయలో పడ్డాడంది. తాగింది రెండు గ్లాసుల బీరు. అయినా చుక్క తాగడమే పాపమనే మన చాపెల్‌లో అమ్మ మళ్లీ తలెత్తలేదు. నువ్వేమో పెళ్లి ఫొటో పొయ్యిలో వేశావు. కడుపుతో ఉన్నదాన్ని ఇంట్లో వదిలేసి తాగడానికి పోయినవాడికి పువ్వులేంటి అన్నావు. ఒక్కసారైనా సమాధి దగ్గరికి వెళ్లావా? నేను పక్కనుండి, నిజమే వదినా, అన్నాను.

అప్పటికి నాకు తెలీదు. ఒట్టు.

ఎనిమిదేళ్ల కిందట, పని మానేశాక, దీన్ని విప్పాను చూడు, అప్పుడు తెలిసింది. స్టీరింగుని ముందు చక్రానికి కలిపే చోట ఓ నట్టు ఉంటుంది. అది ఊడితే స్టీరింగు తిప్పినా చక్రం తిరగదు, అందుకే ఊడకుండా అడ్డంగా చిన్న పిన్ను గుచ్చాలి. నీ జడపిన్ను కన్నా చిన్నది. నట్టు లేదు. పిన్ను లేదు. విరిగిపోతే బెజ్జంలో ముక్కైనా ఉండాలి కదా? ఏమీ లేదు. గ్రీజు మాత్రం గడ్డకట్టి ఉంది.

ఆ గ్రీజు పూసింది నేనే.

అన్నయ్య పోయిన ఆ శనివారం స్టీరింగు పని నేనే చేశాను వదినా. రగ్బీ ఆటకి వేళైపోతోందని నట్టు బిగించి, పిన్ను ఆట చూసొచ్చాక పెట్టొచ్చులే అనుకున్నా. వచ్చేసరికి గెలిచిన సంబరంలో ఉన్నా. "అంతా అయిందా?" అని అన్నయ్య అడిగాడు. అయిందన్నా.

రెండేళ్ల పనికి ఎనిమిదేళ్లేంటని అందరూ వెక్కిరించారు, నువ్వు కూడా. వేసిన రంగు మూడుసార్లు గోకి మళ్లీ వేశాను. శుభ్రంగా ఉన్న సీటు కుట్లు విప్పి మళ్లీ కుట్టాను. కారు తయారైన రోజు నీకు చెప్పేయాలని అనుకున్నాను మరి.

పోయిన వారం చూస్తే ఇంక విప్పడానికి ఏమీ మిగల్లేదు.

తిట్టు వదినా. కొట్టినా సరే.

చెయ్యి చాపావేంటి? తాళం చెవా? ఇదిగో. నువ్వే తోలతావా?

ఎక్కడికని అడగనులే. సమాధుల దగ్గర గేటు తీసే ఉంటుంది. రెండో గేరు కాస్త మొరాయిస్తుంది, నెమ్మదిగా వెయ్యి. నన్ను ఎక్కించుకోవాలని లేదా? సరే, దిగుతున్నా.

నడిచొస్తాలే. నాలుగు మైళ్లేగా.