దేవుని కుండ

కృప అంటారు, కృప! ఆ మాట ఇంగ అనొద్దండి పాస్టరయ్యగారూ. ఈ పొద్దు ఆ మాట వింటే నాకు కడుపు మండుతాండాది.

కుండ ఆడనే ఉండనీండి, పక్కకు జరపొద్దు. ఈ పొద్దు ఆదివారం కాదని, చర్చికి కుండ తెచ్చే దినం కాదని నాకు తెలీదా? ఎసరు కాగిన ప్రతి పూటా, ఇంట్లో ఎవురూ ముద్ద నోట పెట్టకముందే, దేవునికని పిడికెడు తీసిపెట్టిన బియ్యం ఇది. మాకు జొన్నసంగటి అయినా ఆయనకు బియ్యమే. మీ ఇంటి అమ్మగారే గదా నేర్పించింది?

ప్రసన్నకుమారిని నంద్యాల బోర్డింగులో వదిలొచ్చినప్పటి నుంచి రెండు పిడికిళ్లు తీస్తాండా. ఒకటి దేవునికి. రెండోది, బిడ్డ మీద ఆయన కన్నుండాలని. ఆళ్లగడ్డలో కూచున్న తల్లి ఇంగేం చేస్తాది? తల దువ్వలేను. నొసటి మీద తడిగుడ్డ వేయలేను. ఆ పిడికెడు బియ్యమే నా చెయ్యి అనుకున్నా.

ఇప్పుడు చూడండి! బిడ్డకు జొరమన్న సంగతే నాకు ఈ పొద్దు తెలిసె. వెంకటమ్మ నంద్యాల బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చి నవ్వుతాది. అదే బోర్డింగులో ఉండే ఆమె కూతురు శాంతమ్మకూ నా బిడ్డకూ ఆస్పత్రిలో పక్కపక్క మంచాలు. ఒకటే టైఫాయిడు, ఒకటే డాక్టరమ్మ, అవే మాత్రలు. శాంతమ్మ లేచి గంజి తాగిందంట. నా బిడ్డ కండ్లే తెరవలేదంట!

ఎవురీ వెంకటమ్మ? పాట సగంలో చర్చికి వస్తాది, ప్రార్థన సగంలో లేచి పోతాది. ఆమె ఇంట్లో దేవుని కుండలో ఏముందో తెలుసునా మీకు? పొగాకు!

ఏందీ? "మనం చేసినదానికి ఇచ్చేది కాదు లూదియమ్మా, ఊరికే ఇస్తాడు" అంటారా? ఊరికే ఇచ్చేటోడు నాకెందుకు ఇయ్యడు? నేను కడుపు మాడ్చుకోని అడిగినందుకా?

శాంతమ్మ బతకగూడదని కాదయ్యా. నా నోరు పడిపోను, అట్లా ఎందుకంటా...

అన్నా.

వెంకటమ్మ నవ్వుతాంటే, నా మనసులో అన్నా. ఆ బిడ్డను తీసుకోని నా బిడ్డను ఇయ్యి స్వామీ అని. పక్కనే ఈ కుండ ఉండె. ఒక చెయ్యి దీని మీదనే ఉండె.

అట్లా చూడొద్దండి. తిట్టేదుంటే తిట్టండి.

మధ్యాన్నం బస్సుకు నంద్యాల పోతాండా, బిడ్డ కాడికి. ఈ బియ్యం ఎవురికన్నా వండి పెట్టండి. ఇంగ నా దగ్గర ఆయనకిచ్చేది ఏమీ లేదు. మంచితనమన్నా ఉందనుకుంటి, అదీ లేదు, విన్నారు గదా. ఇవిగో చేతులు, ఖాళీ. ఖాళీ చేతులకే ఇస్తాడని గదా మీరు చెప్పేది? ఇచ్చేదాకా ఇట్లనే చాపుకోనుంటా.

ఇది గూడ బేరమే అంటారా?

అనండి. నాకు ఇంకో రకంగా అడిగేది తెలీదు.